రెండు జతల లగ్గులు

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు నా తల దగ్గర గోడకున్న గంట ఒకసారి మోగింది. నేను విని, అటు తిరిగి పడుకున్నాను. ఏడాదికి పైగా ప్రతి ఉదయం అది ఆ వేళకు మోగుతూనే ఉంది. ఆ రోజూ మోగింది. అందులో చెప్పుకోవలసినదేమీ లేదు. చెప్పుకోవలసింది ఆ తర్వాత అది మోగకపోవడం గురించే.

నాలుగు టార్చి బ్యాటరీల మీద నడిచే చిన్న గంట అది. దాని తీగ మా కిటికీలోంచి బయటికి వెళ్లి, మధ్య గోడ మీదుగా పక్క వాటాలోకి దిగేది. అక్కడ ఒక మంచానికి కట్టిన స్విచ్చి దగ్గర ఆగేది. ఆ మంచం మీద నా మిత్రుడు ఉండేవాడు. అతనికి మెడ కింద నుంచి శరీరం పనిచేయదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రం కాస్త కదిలేవి. స్విచ్చి నొక్కడానికి అవి చాలు.

అతను నన్ను బావా అనేవాడు. నేనూ అలాగే పిలిచేవాణ్ని. మాకు చుట్టరికం లేదు. నాది గోదావరి జిల్లా. పత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికి విశాఖపట్నం వచ్చాను. అతనిది ఎలమంచిలి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇక్కడ ఒక లారీల షెడ్డులో వైరింగు పని చేసేవాడు. ఈ ఊళ్లో మగవాళ్లు బావా అని పిలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. అయితే అతని భార్య మొదటి వారంలోనే నన్ను అన్నియ్యా అంది. దాంతో ఆ వరస నిజమైన వరసలాగే కుదిరిపోయింది. నాకు పెళ్లి లేదు. నాకున్న చుట్టాలు వాళ్లే అనుకోవచ్చు.

మేం ఉన్నది వన్‌టౌన్‌లో, ఒకే ఇంట్లో రెండు వాటాలు. అక్కడ ఏ వస్తువైనా రెండు రకాలుగా పాడయ్యేది. సముద్రం గాలికి ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టేది. హార్బరు నుంచి వచ్చే ఇనప ఖనిజం ధూళి ఆ చిలుము మీద ఎర్రగా పేరుకునేది. ఉదయం తుడిచిన కిటికీ చువ్వను సాయంత్రం ముట్టుకుంటే వేలికి అంటేది. ఇది చెప్పడానికి కారణం ఉంది. మేం ఏ చిన్న యంత్రం తయారుచేసినా అది ముందుగా పాడయ్యేది అతుకుల దగ్గరే.

డెబ్బైల్లో మా ఇద్దరికీ ఆదివారం పని అదే. మొదట అతను నా రేడియో బాగుచేయడానికి వచ్చాడు. నేను పక్కన కూర్చుని, చదివిన పుస్తకంలో ఆ భాగాన్ని ఏమంటారో చెప్పాను. అతను నా వంక చూసి, "పేరెడితే పలుకుతాదేటి బావా?" అన్నాడు. ఆ మధ్యాహ్నానికి అది పలికింది. అప్పటినుంచి కలిసి పనిచేశాం. సబ్బుపెట్టెలో ఇమిడే రేడియో చేశాం. తీగ తెగిందో లేదో చూసే టెస్టరు చేశాం. ఇంటివాళ్ల కోళ్లగూటికి ఒక గంట కట్టాం. గూటి చుట్టూ సన్నని తీగ చుట్టి, పిల్లి వచ్చి ఆ తీగ తెంపితే గంట మోగేలా చేశాం. నేను చదివేవాణ్ని, అతను చేసేవాడు. సీసం కరిగించి తీగలు అతికే నా సోల్డరింగు చూసి నవ్వేవాడు. "ఇది అతుకా, పిట్ట రెట్టా?" అనేవాడు. రెండేళ్లకు నా అతుకులు బాగా కుదిరాయి. నున్నగా, మెరుస్తూ ఉండేవి. వాటిని చూసుకుని గర్వపడేవాణ్ని. ఆ గర్వం గురించి తర్వాత చెప్పాలి.

అతను లోడు లారీ మీదినుంచి జారి పడ్డాడు. తాడు సరిచేస్తుంటే కాలు తప్పింది. నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చాక, భార్య ఒక మెస్సులో వంటకు కుదిరింది. పొద్దున్న ఐదూ నలభైకి ఇల్లు వదిలితే మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చేది. నేను ప్రెస్సు నుంచి రాత్రి ఒంటిగంట దాటాక వచ్చి ఎనిమిదిన్నర వరకు పడుకునేవాణ్ని. ఆమె లేని ఆ గంటల్లో అతనికి ఏదైనా అయితే పిలవడానికి మనిషి నేనొక్కణ్నే. గట్టిగా అరిచేంత ఊపిరి అతనికి లేదు. దగ్గు కూడా పూర్తిగా దగ్గలేడు. గళ్ల అడ్డుపడితే ఎవరో ఒకరు పక్కకు తిప్పి వీపు మీద చరచాలి. డాక్టరు ఆమెకూ నాకూ ఆ పని నేర్పించి పంపాడు.

గంట కట్టడం తేలికే. చిక్కు మంచంతో వచ్చింది. రాత్రి అది గదిలో ఉండాలి. పొద్దున్న గాలి కోసం వరండాలోకి లాగాలి. స్విచ్చి మంచానికి కట్టి ఉంటుంది కాబట్టి, దాని తీగను గదిలో ఊడదీసి వరండాలో మళ్లీ తగిలించాలి. ఆ పని ఆమె చేయాలి. తడిచేతులతో, తొందరలో, ఒక్కోరోజు కరెంటు లేని చీకట్లో చేయాలి. సులువుగా ఊడాలి. తనంతట తాను ఊడకూడదు. చిలుము పట్టినా పనిచేయాలి.

ఒక ఆదివారం నేను పూర్ణా మార్కెట్టు దగ్గరి దుకాణాలు తిరిగి దొరికిన రకమల్లా తెచ్చాను. మంచం పక్కన బల్ల మీద పాత పేపరు పరిచి వరసగా పెట్టాను.

"ఏటి బావా, పెళ్లి సారెలాగ పరిసీసినావు?" అన్నాడు అతను.

"నువ్వే చూసి చెప్పు," అన్నాను.

మొదట మొసలి క్లిప్పు చూపించాను. నోరు తెరిచి తీగను కరిచే రకం. నా చేతిలో తెరిచి మూయమన్నాడు. మూడుసార్లు చూశాడు. "ఈ మొసలి అప్పుడే ముసిల్దైపోనాది. ఇంకో నెలకి పళ్లూడిపోతాయి. ఇనప స్ప్రింగు, ఈ గాలికి ఆగదు. తర్వాతది సూపించు."

రేడియోవాళ్లు వాడే గుండ్రటి పిన్నులు చూపించాను. "మన టెస్టరుకి ఎట్టినవే కదా. ఆర్నెల్లకి వదులైపోనాయి. నువ్వు మర్సిపోనావు, నాను మర్సిపోలేదు."

ఆమె గుమ్మంలో నిలబడి బియ్యం చెరుగుతోంది. గోడ బోర్డుకు పెట్టే రెండు కాళ్ల ప్లగ్గు చూసి, "ఇదే బాగుంది అన్నియ్యా. గుచ్చీడమే," అంది.

"గుచ్చీడమే," అన్నాడు అతను. "ఓ రోజు సీకట్లో తీసికెల్లి గోడకున్న బోర్డులో గుచ్చీస్తావు. ఆ మీదట కరెంటొస్తాది. మంచంతోటి నానూ ఎలుగుతాను."

"ఎలిగితే మంచిదే. దీపం కర్సు తప్పుతాది," అంది ఆమె.

ముగ్గురం నవ్వాం. అతను నవ్వితే ఊపిరి ఆగి ఆగి వచ్చేది. నవ్వు తగ్గాక ఆ ప్లగ్గును అతనే తోసిపుచ్చాడు. అతని మాట సరైనదే. మెయిన్సు బోర్డులోకి పోగలిగే ఆకారం దేన్నీ ఈ తీగకు పెట్టకూడదు.

చివరికి లారీ లగ్గులు మిగిలాయి. చదునైన ఇత్తడి రేకులు. ఒకటి నాలుకలా ఉంటుంది. రెండోదానికి అంచులు లోపలికి మడిచి ఉంటాయి. నాలుకను దాంట్లోకి తోస్తే గట్టిగా పట్టుకుంటుంది. తోసినప్పుడల్లా రేకూ రేకూ రాసుకుని చిలుము దానంతటదే పోతుంది. రెండు తీగలకు రెండు జతలు.

"మా షెడ్డులో దీన్ని మగదంటారు, ఇది ఆడది," అని భార్యకు చెప్పాడు.

"దేన్ని ఏది అట్టుకునుంటాది?"

"ఆడదే అట్టుకునుంటాది. సూత్తన్నావు కదా."

ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు అతను నాతో చెప్పిన మాటలు ఇవి. నాకు అక్షరం తప్పకుండా గుర్తున్నాయి. "బావా, దీనికి సోల్డరు ఎట్టకు. లగ్గు తోక మడతలో తీగెట్టి, నొక్కుడు కటింగుప్లేరుతోటి నొక్కించు. మా షెడ్డులో ఉంటాది. సోల్డరు ఎడితే తీగ పుల్లైపోతాది. రోజూ వంగే తీగ ఆ పుల్ల సివర ఇరిగిపోతాది. పైకి తెలీదు. లారీల్లో ఎన్ని సూసినానో. నువ్వు సదూకున్నోడివి, నీకు మెరుపంటే మోజు. ఈ ఒక్కదానికీ వద్దు."

"కోళ్లగూటికి సేసినట్టు సేద్దామా?" అని కూడా అడిగాడు. అంటే తీగ తెగితే గంట మోగే పద్ధతి. అలా చేస్తే బ్యాటరీల్లోంచి కరెంటు ఎప్పుడూ పారుతూ ఉండాలి, వారానికోసారి మార్చాలి, మరిచిపోతే అసలుకే మోసం అన్నాను. నిజమే అన్నాడు. ఆ మాట నేను నిజాయితీగానే అన్నాను. ఇప్పుడు తూచి చూస్తే తప్పు మాట.

మర్నాడు షెడ్డుకు వెళ్లాను. మూసి ఉంది. యజమాని తగరపువలసలో పెళ్లికి వెళ్లాడని, రేపు వస్తాడని పక్క టీకొట్టు మనిషి చెప్పాడు. ఒక్క రోజు ఆగితే సరిపోయేది. నాకు ఆగబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం డ్యూటీకి వెళ్లేలోపు పని పూర్తి చేయాలనిపించింది. చేతిలో లగ్గులున్నాయి. ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ ఉంది. లారీ వేరు, మంచం వేరు అనుకున్నాను. లారీ రోజంతా గతుకుల్లో అదురుతుంది, మంచం రోజుకు రెండుసార్లు కదులుతుంది, అంతే కదా అనుకున్నాను.

సోల్డరు చక్కగా పారింది. తీగలోని సన్నని రాగి పోగుల మధ్యకు పాకి, ప్లాస్టిక్ తొడుగు లోపలికి కొంత దూరం వెళ్లింది. నా చేతి మీదుగా అంత బాగా కుదిరిన అతుకు అంతకుముందు లేదు. దాని మీదికి సైకిల్ వాల్వుట్యూబు ముక్క తొడిగాను. నల్లని రబ్బరు కింద ఏముందో ఎవరికీ కనిపించదు.

మంచం దగ్గర అమర్చాక అతను రబ్బరు వంక చూసి అడిగాడు. "నొక్కించినావా?"

"నొక్కించాను."

"ఎన్ని నొక్కులు?"

"రెండు."

"రెండు సాలు," అని కళ్లు మూసుకున్నాడు.

ఇతరుల తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ ఒక్క అబద్ధానికి ఒక అంకె కూడా కలిపి చెప్పాను.

పొద్దున్న మంచం వరండాలోకి మార్చి, లగ్గులు తోసి, ఆమె ఒకసారి అతని చేత స్విచ్చి నొక్కించేది. గంట మోగితే తీగ బాగుందని అర్థం. నేను లేవనక్కర్లేదు. ఆ తర్వాత మోగితేనే లేవాలి. ఆ ఏడాదిలో అలా ఐదారుసార్లు మోగింది. రెండుసార్లు గళ్ల అడ్డుపడి, ఒకసారి మంచం మీదికి తేలు పాకి. మిగతావి ఊరికే. ఒకరోజు పరుగెత్తి వెళితే, "ఏటీ లేదు బావా. పేపర్లో నిన్న నువ్వొదిలేసిన తప్పు దొరికింది. సూపిద్దామని," అన్నాడు. ఆమె వెళ్లేముందు పేపరు అతని కళ్లెదుట కర్ర చట్రానికి తగిలించి వెళ్లేది. మొదటి పేజీ తిప్పేవాళ్లు లేక దాన్నే మళ్లీ మళ్లీ చదివేవాడు. తప్పు ఉన్న మాట నిజమే.

ఆ రోజుకు ముందు రెండు రోజులు అతనికి జలుబు. ముందురోజు ఆమె పని మానేసి ఇంట్లో ఉంది. ఆ ఉదయం అతనే పంపించాడట. "బావ ఉన్నాడు కదా, నీకేటి బయ్యం," అన్నాడట. ఐదూ నలభైకి గంట మోగింది. నేను పడుకున్నాను.

ఎనిమిదిన్నరకు లేచాను. స్టవ్వు వెలిగించి రెండు గ్లాసుల టీ కాచాను. అతనిది చల్లార్చి స్పూనుతో పోయాలి, కాబట్టి ముందు అతని గ్లాసులో పోసి, తర్వాత నాది పోసుకున్నాను. రెండూ పట్టుకుని వరండాలోకి వెళ్లాను. అతని ముఖం నల్లగా ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. పక్కకు తిప్పి వీపు మీద చరిచాను. చాలాసేపు చరిచాను. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

బొటనవేలు స్విచ్చి మీద ఉంది. నొక్కే ఉంది.

మెస్సుకు మనిషిని పంపించాను. ఆమె వచ్చి మంచం పక్కన కూలబడి, ఏడుపు తెరిపి ఇచ్చాక నన్ను ఒకటే అడిగింది.

"గంట మోగిందేటి అన్నియ్యా?"

"ఐదూ నలభైకి మోగింది. మళ్లీ మోగలేదు."

గంట మోగి నేను వచ్చి ఉంటే బతికేవాడేమో, చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆయన మర్యాదస్తుడు. అంతకుముందు గళ్ల అడ్డుపడి రెండుసార్లు గంట మోగింది. నేను వెళ్లాను. రెండుసార్లూ బతికాడు.

పదకొండో రోజు మంచం ఎవరికో ఇచ్చేస్తామన్నారు. స్విచ్చి విప్పుతానని నేను వెళ్లాను. లగ్గులు గట్టిగానే ఉన్నాయి. బలంగా లాగితే తప్ప ఊడలేదు. చిలుము లేదు. అతను ఎంచిన వస్తువులో లోపం లేదు. తీగను కొద్దిగా లాగాను. రబ్బరులోంచి ఒక తీగ ఊడి నా చేతికి వచ్చింది. సోల్డరు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే విరిగింది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. విరిగిన పోగుల కొసలు చాలావరకు నల్లబడి ఉన్నాయి. అవి ఎప్పుడో నెలల కిందటే ఒక్కొక్కటిగా పోయాయి. మూడు పోగుల కొసలు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి. ఐదూ నలభై గంటను మోగించినవి ఆ మూడే. ఆ తర్వాత తీగ బరువుకు అవీ తెగాయి.

ఆ తీగను, లగ్గును జేబులో వేసుకున్నాను. నెల గడిచాక ఆమె వాటా ఖాళీ చేసి ఎలమంచిలిలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. చెప్పకుండానే పంపించాను.

మరో రెండు నెలలకు ప్యాసింజరు బండెక్కి ఎలమంచిలి వెళ్లాను. ఆమె పెరట్లో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేచి, పీట వేసింది.

"బాగా సిక్కిపోనావు అన్నియ్యా. వొండుకుంతన్నావా, లేదా?"

వండుకుంటున్నానన్నాను. పీట మీద కూర్చున్నాను. నేను మొదలుపెట్టేలోగా ఆమే మొదలుపెట్టింది.

"నీకో మాట సెప్పాలి. ఇంత వరకూ ఎవరికీ సెప్పలేదు. ఆ రోజు నాకు ఆలీసమైపోనాది. లగ్గులు సగమే తోసినానేమో. ఒక్కసారి మోగింది కదాని బేగి ఎల్లిపోనాను. ఇంకొక్కసారి తోసి సూసుంటే..." చేతులు మిరపకాయల్లో ఉండటంతో కళ్లు తుడుచుకోలేక భుజానికి ముఖం రాసుకుంది. "నొక్కినాడో లేదో, నొక్కినా మోగలేదో. రోజూ ఇదే. తిన్నప్పుడు ఇదే."

నేను జేబులోంచి తీసి చూపించాను. షెడ్డు మూసి ఉండటం, ఒక్క రోజు ఆగకపోవడం, సోల్డరు, రబ్బరు, అతను అడగడం, నేను చెప్పిన జవాబు, అన్నీ చెప్పాను. వాక్యాలు చిన్నవిగా, వరసలో చెప్పాను. సంజాయిషీ కలపలేదు.

ఆమె ఆ లగ్గును చేతిలోకి తీసుకోలేదు.

"అయితే నాను సరిగ్గానే తోసినాను," అంది.

"సరిగ్గానే తోశావమ్మా."

"ఆయన నొక్కినాడు."

"నొక్కాడు."

"సోల్డరు వద్దని నీకు సెప్పినాడు."

"చెప్పాడు."

"నొక్కించినానని సెప్పినావు."

"చెప్పాను."

ఆమె మిరపకాయల్లోకి చూస్తూ కూర్చుంది. మూడు నెలలు మోసినది దించుకున్న మనిషి ముఖంలో ఏదో మార్పు కనిపిస్తుందని నేను రైలులో అనుకుంటూ వచ్చాను. అలాంటిదేమీ కనిపించలేదు. ఆమెకు భర్త లేడు. ఇప్పుడు, లేకపోవడానికి కారణం ఎదురుగా పీట మీద కూర్చుని ఉంది.

తర్వాత లేచి చేతులు కడుక్కుని గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా నిలబడింది.

"బండికి వేళవుతాది. ఎల్లండి," అంది.

అన్నియ్యా అనలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు కాబట్టి మూడోది రాయలేదు.

ఆ వాటాలో వేరేవాళ్లు చేరారు. గోడ మీది తీగను వాళ్లు బట్టలు ఆరేసుకోవడానికి వాడుకుంటున్నారు. మా గోడకు గంట అలాగే ఉంది. బ్యాటరీలు తీసేశాను. అయినా ఐదూ నలభైకి నాకు మెలకువ వస్తుంది. మెలకువ వచ్చాక మళ్లీ పడుకోవడం లేదు.